తోటికోడలి మంచం పక్కన

ఆ వీధిలో పరుపు కుంగినా, దిండు గట్టిపడినా అందరికీ మొదట గుర్తొచ్చేది దూదమ్మే. పొద్దున్నే ముక్కుకూ నోటికీ పాతగుడ్డ అడ్డం కట్టుకుని, గుమ్మంలో కూర్చుని దూది చిక్కు విప్పడం మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆమె కనుబొమ్మలు కూడా తెల్లబడిపోయేవి. ఆ పేరు పిల్లలు పెట్టారు, పెద్దలు ఖాయం చేశారు. ఆమె ఏమీ అనుకోలేదు. "దుమ్మమ్మ అనలేదు, అంతే చాలు" అనేది.

ఆమెకు ఒక్కతే కూతురు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. తల్లీకూతుళ్లు ఉండేది ఒక్క గది. సగం గదిని కుట్టుమిషనూ పరుపుల గుడ్డా ఆక్రమించుకుంటే మిగిలిన సగంలో వాళ్లు సర్దుకున్నారు. ఆ గది గుమ్మంలో నిలబడి చూస్తే వీధికి అవతల పెద్ద పరుపుల కొట్టు కనిపిస్తుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఒకప్పుడు అదే ఆమె అత్తవారిల్లు.

ఆ కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. అన్న గుడ్డ కొలిచి కత్తిరిస్తే, తమ్ముడు దూది నింపి కుట్టేవాడు. అన్న నోట్లోంచి మాట రావాలంటే గగనం. తమ్ముడు మాత్రం పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉండేవాడు. అతనికి పాట నేర్పింది వదిన. ఆమె ఆ ఇంట కాలుపెట్టేనాటికి మరిది తల్లిలేని పసివాడు. ఆమె చేత్తో అన్నం తిని, ఆమె పాట విని పెరిగాడు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న కొరత కూడా మరిది వల్ల సగం తీరిందని చెప్పుకునేవారు. చర్చి గుడిలో ఆదివారం ఆ వదిన గొంతెత్తిందంటే వెనక బెంచీల్లో కునికేవాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు. అంత గొంతు ఆమెది. దానికి తగ్గ పట్టుదల కూడా ఉండేది. ఎవరైనా శ్రుతి తప్పితే పాట మధ్యలోనే తల తిప్పి చూసేది. ఆ చూపు పడినవాళ్లు మరో నెలదాకా పెదవులు మాత్రమే కదిపేవారు.

దూదమ్మది మొదటినుంచీ గాడిద గొంతే. "నువ్వు దేవుణ్ణి మనసులో స్తుతించుకో తల్లీ, ఆయనకు వినపడుతుంది" అని తోటికోడలు పెళ్లైన కొత్తలోనే చెప్పేసింది. దానికి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ రోజుల్లో నవ్వులకు తక్కువ లేదు.

కూతురికి మాటలు వచ్చీరాని వయసులో తమ్ముడికి జ్వరం పట్టుకుంది. దూదమ్మ మొదటిరోజే డాక్టరుకు చూపించింది. మందులు ఇచ్చారు, తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఆఖరి రోజు పొద్దున, అన్న కొట్టులో, వదిన వంటింట్లో ఉండగా అతను ఆమె చెయ్యి పట్టుకుని, "కాస్త ప్రార్థన చెయ్యవే, గుండెల్లో గాభరాగా ఉంది" అన్నాడు. ఆమె మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చేసింది. లేచి చూసేసరికి అతని పెదవులు నల్లబడుతున్నాయి. పరుగెత్తి బండి పిలుచుకొచ్చింది. ఆసుపత్రి గేటు దాటకముందే అతను ప్రాణం విడిచాడు.

పాతిపెట్టి ఇంటికి వచ్చాక, సంఘంవాళ్లంతా ముందుగదిలో కూర్చుని ఉండగా తోటికోడలు లేచింది. ఏడ్చి ఏడ్చి ఆ గొంతు జీరబోయి ఉంది.

"అందరూ వినండి. పిల్లాడు కొట్టుకుంటుంటే ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇది మోకాళ్ల మీద కూర్చుంది. నేను పెంచిన బిడ్డను ప్రార్థన పేరు చెప్పి చంపింది. ఇది ఈ ఇంట్లో ఉంటే నేనుండను."

బావగారు తలవంచుకుని నేల చూశారు. దూదమ్మ ఎదురు చెప్పలేదు. చెప్పనివ్వని ముల్లు ఒకటి ఆమెలోనూ ఉంది. నిజంగానే ఆ కాసేపు ముందే లేచి ఉంటే? పిల్లను చంకనేసుకుని, కుట్టుమిషను ఎవరి చేతనో మోయించుకుని వీధి దాటింది.

వీధి వెడల్పు ఎంతని? ఇటు దగ్గితే అటు వినపడుతుంది. అయినా ఆ రెండు గుమ్మాల మధ్య ఏళ్లతరబడి ఒక్క మాట నడవలేదు. ఒకే గుడి, ఒకే దేవుడు. ఒకరు ముందు వరసలో, ఒకరు ఆఖరి బెంచీలో. ఎదురుపడితే ఎడమొహం, పెడమొహం. దూదమ్మ పరుపులు కుట్టి పిల్లను చదివించుకుంది. ప్రార్థన మానలేదు. కానీ మోకాళ్లు మాత్రం ఊనలేకపోయేది. మిషను ముందు కూర్చునో, గోడకానుకుని నిలబడో చేసుకునేది. మోకాళ్లు నొప్పులని అడిగినవాళ్లకు చెప్పేది.

కూతురు ఎదిగివచ్చిన తర్వాత ఒక వానాకాలపు ఉదయం వీధి అవతల కేకలు వినిపించాయి. కొట్టులో పనిచేసే మనిషి అటూ ఇటూ పరుగెత్తాడు. ఆ సాయంత్రానికి కబురు అందరికీ చేరింది. కొట్టువారి పెద్దామెకు, దూదమ్మ తోటికోడలికి, పక్షవాతం. కుడిపక్క పడిపోయింది. మాట పడిపోయింది.

ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు బావగారు దూదమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుని ఉన్నారు. గడ్డం మాసింది.

"అమ్మాయీ," అన్నారు. ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో!

"లోపలికి రండి బావగారూ."

"రాను. ఒక్క మాట. మీ అక్కకు వీపు మీద పుండు లేస్తోంది. ఏ పరుపు వెయ్యాలో..." ఆయన వీధి అవతల కొట్టు వైపు చూశారు. "ఇంతకాలం ఊరందరికీ పరుపులు అమ్మాను. నాకు తెలియడం లేదు."

కుర్చీలో కూర్చున్న కూతురు విసురుగా లేచింది. పెదనాన్న వీధి దాటేదాకా ఆగి తల్లి మీద విరుచుకుపడింది.

"వెళ్తావా ఏంటి? వెళ్లి ఆ మనిషికి సేవ చేస్తావా? నిన్ను హంతకురాలన్న మనిషికి?"

"అన్న నోరు ఇప్పుడు లేవట్లేదే."

"నోరు పడిపోతే అన్న మాట పోతుందా?"

దూదమ్మ చేతిలోని దబ్బనం గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. నిజం చెప్పాలంటే, పెద్దామెకు మాట పడిపోయిందన్న కబురు విన్నప్పుడు ఆమె లోపల ఒక మూల చల్లగా తగిలింది. తగిన శాస్తే అన్న మాట మనసులో మెదిలింది కూడా. ఆ చల్లదనానికి ఆమె తనను చూసి తానే జడుసుకుంది. ఇన్నేళ్లు ఆఖరి బెంచీలో కూర్చుని శత్రువును ప్రేమించమన్న వాక్యం విని తలూపింది తానేనా అనిపించింది. ఆమెను వీధి దాటించింది జాలి కాదు, ఆ భయం.

మర్నాడు మెత్తటి బూరుగుదూది తీసుకుని బెత్తెడు, జానెడు దిండ్లు కుట్టింది. మడమల కింద ఒకటి, మోచేతుల కింద ఒకటి, తుంటి పక్కన ఒకటి. గుడ్డ ఒరిపిడి తగలకుండా కుట్లన్నీ లోపలికి మడిచింది. వాటిని పాతచీరలో మూటగట్టుకుని వెళ్లి, ఏళ్ల తర్వాత ఆ గడప దాటింది.

మంచం మీద మనిషి సగానికి సగం అయిపోయింది. జుట్టు అట్టలు కట్టింది. గదంతా ముక్కిన వాసన. దూదమ్మను చూడగానే ఆ కళ్లు మాత్రం పాతకళ్లే అయ్యాయి. కునికేవాళ్లను నిటారుగా కూర్చోబెట్టిన కళ్లు. పనిచేస్తున్న ఎడమచెయ్యి ఎత్తి గుమ్మం వైపు చూపించింది. పో, అని.

"పోతాలే అక్కా. ఈ దిండు పెట్టి పోతాను," అంది దూదమ్మ.

పెట్టింది. ఎడమచెయ్యి దాన్ని లాగి కింద పడేసింది. దూదమ్మ తీసి దులిపి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. అలా కాసేపు జరిగాక పెద్దామెకే చెయ్యి నొప్పి పుట్టింది.

అది మొదలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి దూదమ్మ వీధి దాటేది. ఒళ్లు తుడిచేది, పుండు కడిగి మందు పూసేది, పక్క మార్చేది. పెద్దామె చెంచా తోసేసేది. నీళ్లు తాగించబోతే ఉమ్మేసేది. ఒకరోజు గంజి గిన్నె ఎగిరి దూదమ్మ ఒళ్లో పడింది. వేడిగానే ఉంది. దూదమ్మ పెరట్లోకి పోయి, ఎండలో ఆరేసిన పరుపును కర్ర పుచ్చుకుని బాదడం మొదలుపెట్టింది. దుమ్ము లేచింది, దూది లేచింది, ఆమె ఏడుపూ లేచింది.

"నా వల్ల కాదు ప్రభువా. నువ్వు చెప్పావని వచ్చాను. నా వల్ల కావడం లేదు. నీ మనిషిని నువ్వే చూసుకో!"

సరిగ్గా అప్పుడే పరామర్శకు వచ్చిన పాస్టరమ్మ పెరటి గుమ్మంలో నిలబడిపోయింది.

"అక్కా, మీది ఎంత గొప్ప మనసో అని సంఘంలో అందరం అనుకుంటున్నాం," అంది ఆవిడ, ఏమనాలో తెలియక.

దూదమ్మ కర్ర కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. "గొప్ప మనసూ లేదు, గోంగూరా లేదమ్మగారూ. రోజూ లోపల తిట్టుకుంటూనే వస్తున్నాను. ప్రేమ వచ్చాక చేద్దామని కూర్చుంటే ఆవిడ పుండు ఆగదు కదా. చేస్తూ ఉంటే వస్తుందేమోనని చూస్తున్నాను. ఇంకా రాలేదు."

పాస్టరమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, గంజి ఒలికిన గది తుడిచింది.

బావగారు ఇదంతా గుమ్మం బయటినుంచి చూస్తూ ఉండేవారు. ఒకరోజు దూదమ్మ ఆయన్ను లోపలికి పిలిచింది.

"ఇటు రండి బావగారూ. భుజం కింద చెయ్యి పెట్టండి. అలా కాదు, పరుపు మూల లేపినట్టు."

"నాకు చేతకాదమ్మాయీ. ఆవిడకు నొప్పి పుడుతుందేమో."

"పుడితే పుట్టనివ్వండి, మీ చెయ్యే కదా. నేను పరాయిదాన్ని, తిట్టుకుంటుంది. మీరైతే ఓర్చుకుంటుంది."

ఆయన చెయ్యి దూర్చి తిప్పారు. అలా తిప్పుతుండగా భార్యాభర్తల మొహాలు దగ్గరగా వచ్చాయి. ఎన్నాళ్లుగానో ఆవిడ వైపు సూటిగా చూడని మనిషి ఆ పూట చూశారు. ఆ రోజునుంచి తెల్లవారుజాము పక్క మార్చడం ఆయన వంతైంది.

మంచం చాలా కిందకు ఉండేది. మడమకు మందు పూయాలంటే కూర్చోవడానికి వీల్లేదు, వంగడానికి వీల్లేదు. ఒకనాడు పూసి, ఊది, దిండు సర్దిన తర్వాత దూదమ్మకు తెలిసివచ్చింది, తాను మోకాళ్ల మీద ఉన్నానని. ఎప్పుడు ఊనిందో ఆమెకే గుర్తులేదు. లేవకుండా అలాగే కొంచెంసేపు ఉండిపోయింది. పెద్దామె కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది. ఆ చూపులో ఏముందో దూదమ్మకు అంతుపట్టలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, దుప్పట్లు మారుస్తూ దూదమ్మ తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. మొగుడు దూది నింపుతూ ఎప్పుడూ పాడుకునే పాట. తొలి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణంలో రాగం ఎత్తుకోవాల్సిన చోట ఆమె గొంతు ఎప్పటిలాగే గాడి తప్పి ఎటో పోయింది.

మంచం మీదనుంచి చిరాకుగా ఒక మూలుగు వినిపించింది. దూదమ్మ పట్టించుకోలేదు. మళ్లీ అదే చరణం, మళ్లీ అదే చోట తప్పు. అప్పుడు పెద్దామె తల విసురుగా తిప్పి, ఎడమచేత్తో మంచంకోడు మీద కొట్టి, ఆ చరణం పాడింది.

పాడింది. మాటలతో సహా. గొంతు బొంగురుపోయింది, కుడివైపు పెదవి జారింది. కానీ ఒక్కొక్క మాటా తెలుస్తోంది. రాగం ఎక్కడ ఎక్కాలో అక్కడ ఎక్కింది.

దూదమ్మ చేతిలోని దుప్పటి జారిపోయింది. కొట్టులో గుడ్డ కత్తిరిస్తున్న బావగారు కత్తెర పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. తాను పాడుతున్నానని పెద్దామెకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. చరణం చివర ఆగిపోయి, కళ్లు పెద్దవి చేసి ఇద్దరినీ చూసింది. "ఏదీ, ఒక మాట చెప్పక్కా, నీళ్లు అను," అంది దూదమ్మ. పెద్దామె నోరు తెరిచింది. "నీ... నీ..." అంతకుమించి రాలేదు. ఏడ్చింది. అది ఆ పిల్లాడి పాట అని ఇద్దరికీ తెలుసు. నేర్పినామె ఒకరు, విన్నామె ఒకరు. దూదమ్మ మంచం అంచున కూర్చుని తానూ ఏడ్చింది.

మర్నాడు చేతులకూ కాళ్లకూ కసరత్తు చేయించే అమ్మాయి ఆసుపత్రినుంచి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పారు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు, సంతోషించింది. "మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుందండీ. తలలో అవి రెండూ ఉండే చోట్లు వేరు. కావలసినవి ఏదైనా రాగంలో పెట్టి అలవాటు చెయ్యండి. కొన్ని మాటలైనా తిరిగి రావచ్చు."

అలా ఆ ఇంట్లో మంచినీళ్లకు ఒక రాగం, దుప్పటికి ఒక రాగం పుట్టాయి. ఒకనాడు పెద్దామె కళ్లు మూసుకుని, ఆరాధనలో పాడేంత గంభీరంగా రాగం తీస్తుంటే బావగారు భక్తితో తలవంచుకున్నారు. తీరా వింటే ఆమె అడుగుతున్నది బెడ్‌పాను. ఆయన మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఆపుకోలేక గోడ పట్టుకుని నవ్వారు. ఆయన అలా నవ్వడం దూదమ్మ ఎన్నడూ ఎరుగదు. పెద్దామె మొదట ఉరిమి చూసింది, తర్వాత మూతి ఒకవైపుకు వంకర తిప్పి తానూ నవ్వింది. కానీ బెడ్‌పాను పెట్టేలోపే ఆలస్యమైంది, దుప్పటి మళ్లీ మార్చాల్సి వచ్చింది.

అయినా కొన్ని మాటలకు రాగం దొరకదు. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుండగా పెద్దామె దూదమ్మ మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పాలని పెనుగులాడింది. రాగం వెతికింది, అందలేదు. మెడ నరాలు ఉబ్బాయి.

"వద్దక్కా," అంది దూదమ్మ. "రానిదాన్ని లాగకు. నువ్వు చెప్పలేకపోతే పోనీ, నేను చెప్పాల్సింది ఒకటుంది. నీకు మాట పడిపోయిందని విన్నప్పుడు నాకు లోపల సంతోషంగా అనిపించింది. బాగా అయిందిలే అనుకున్నాను. అది మోసుకునే రోజూ ఈ గడప దాటాను. క్షమించు."

పెద్దామె ఆమెను రెప్పవేయకుండా చూసింది. తర్వాత ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తింది. కొడుతుందేమో అనుకుని దూదమ్మ కళ్లు మూసుకుంది. నడినెత్తిన ఒక మొట్టికాయ పడింది. పెళ్లైన కొత్తలో, కూరలో ఉప్పు ఎక్కువేసినప్పుడు వేసినటువంటి మొట్టికాయ. ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు. నెత్తిమీదే కాసేపు బరువుగా ఆగింది.

ఆ సాయంత్రం కూతురితో ఈ మాట చెప్పింది దూదమ్మ.

"అయితే నీకు క్షమాపణ చెప్పిందా?"

"లేదు. నేనే చెప్పాను."

"నువ్వా! నువ్వెందుకు చెప్పాలి?" కూతురు పళ్లెం పక్కకు నెట్టింది. "నాకు నీ దేవుడు అర్థం కాడమ్మా. దెబ్బ తిన్నవాళ్లే వంగాలా ఎప్పుడూ?"

"వంగితే నా నడుమే తేలికైందే," అంది దూదమ్మ. "నీకు కోపం ఉంటే ఉండనీ. నా కోసం మానుకోమని అడగను. అది నీకూ ఆయనకూ మధ్య సంగతి."

చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం కూతురు గుడినుంచి వస్తూ, తల్లి వెనకే వీధి దాటి ఆ గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. పెద్దమ్మను అక్కణ్ణించే చూసింది. తర్వాతి వారం దుకాణంనుంచి ఒక కళ్లజోడు తెచ్చి, "ఆవిడ పాతజోడు గీతలు పడిపోయింది, ఏమీ కనిపించదు," అని తల్లి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అంతకు మించి ఆమె చెయ్యలేదు. దూదమ్మ అడగనూ లేదు.

పెద్దామె మరో రెండు వానాకాలాలు బతికింది. ఒంటిమీది పుండు మానింది, కొత్తది లేవలేదు. నాలుగైదు మాటలు తిరిగివచ్చాయి. వాటిలో ఒకటి, దూదమ్మకు కొత్తకోడలి రోజుల్లో ఆమె పెట్టిన ముద్దుపేరు. ఆఖరి రోజు తెల్లవారాక, కిటికీలో వెలుగు పడుతుండగా, ఒక పక్క మొగుడూ మరో పక్క తోటికోడలూ ఉండగా ఊపిరి సన్నబడింది. దూదమ్మ ఆ పాట ఎత్తుకుంది, వచ్చినంతలో. ఈసారి ఎవరూ దిద్దలేదు.

పాస్టరుగారు భూస్థాపన ఆరాధనలో దూదమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నారు. ఆమె ముందే వెళ్లి చేతులు జోడించింది.

"నా సంగతి వద్దయ్యగారూ. ఆవిడ గొంతు గురించి చెప్పండి. తల్లిలేని పిల్లాణ్ణి పెంచిన సంగతి చెప్పండి. ఆ పిల్లాడి కోసం పిచ్చిదైపోయి ఒక మాట అంది, అంతే. ఇన్నేళ్లూ ఆ మాటే చూశాను కానీ దాని వెనకున్న ఏడుపు చూడలేదు."

ఆయన అలాగే చెప్పారు. సమాధి దగ్గర కూతురు తల్లి పక్కన నిలబడింది. మట్టి వేసే వేళ తానూ ఒక పిడికెడు వేసింది. ఆ చెయ్యి దులుపుకోకుండా చాలాసేపు అలాగే ఉంచుకుంది.

నెల తిరక్కముందే పాస్టరమ్మ ఒక కబురు తెచ్చింది. చెరువు అవతల వడ్రంగి భార్య మేడమెట్ల మీదనుంచి పడి నడుం విరిగి మంచాన ఉందట. వడ్రంగికి చూపు సరిగా ఆనదు. దూదమ్మ దిండ్లు మూటగట్టుకుని బయల్దేరుతుంటే, వీధి అవతల కొట్టు తలుపు వేసి బావగారు వచ్చారు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నారు.

"నేనూ వస్తానమ్మాయీ," అన్నారు. "మనిషిని తిప్పడం నాకు వచ్చు."

వడ్రంగి ఇంట్లో రంపపు పొట్టు వాసన. మంచం మీద ఆవిడ బెదురుగా చూసింది. "ఎవరమ్మా మీరు? నేను మీకేమవుతానని?" అంది.

"ముందు పక్క మారండి, ఏమవుతారో తర్వాత చూద్దాం," అంది దూదమ్మ. బావగారు భుజం కింద చెయ్యి పెట్టారు, ఆమె నడుం కింద పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, మెల్లగా, నొప్పి తగలకుండా లేపారు.